పల్లకి మొయ్యనన్న మేస్త్రీ

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో బడిపంతులుగా ఉన్నప్పుడు, ఉగాదికి మా తెలుగువాళ్లు ఒక ప్రదర్శన తలపెట్టారు. నూట యాభై ఏళ్ల కిందట మనవాళ్లు ఎలా ప్రయాణించారో, ఎలా బతికారో చూపించాలట. వ్యాఖ్యానం నన్ను రాయమన్నారు.

ఎడ్లబండ్ల గురించి, కాలినడకన పోయేవాళ్ల చద్దిమూటల గురించి, పల్లకి మోసే బోయీల గురించి రాశాను. బోయీలు పాడింది వేడుక కోసం కాదు. వెనకవాడికి దారి కనబడదు గనక, ముందువాడు రాయినీ గుంటనూ పాటలోనే చెప్పేవాడు. ఆ వాక్యాలు కొట్టేశారు. పండగపూట ఏడుపెందుకు, పాట ఒక్కటీ ఉంచుదాం అన్నాడు కార్యక్రమం నడిపే ఇంజనీరు.

మా తెలుగు సంఘం అధ్యక్షుడి భార్య పల్లకిలో రావాలి. మోసేవాళ్లు కావాలి. సంఘంలో తిని అరగని మగవాళ్లు బోలెడుమంది ఉండగా, ఇంజనీరు నన్ను వెంటబెట్టుకుని తన కంపెనీ లేబర్ క్యాంపుకి వెళ్లాడు. అక్కడ కోస్తావాళ్లను వరసగా అడిగింది బరువు మోయగలరా అని కాదు, మీరేమిటోళ్లు అని. సముద్రం దాటితే కులం పోతుందని మన పూర్వులు భయపడ్డారు. ఎంత పిచ్చి భయం! విమానం దిగగానే అది సూట్‌కేసులోంచి నలగని చొక్కాలా బయటికొస్తుంది.

చివరికి బట్టలు పిండుకుంటున్న ఒక తాపీమేస్త్రీ దొరికాడు. తాతల కాలం నుంచీ బోయీలు. తను ఇక్కడికొచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా చూడలేదు. ఆ నెలలో సెలవు రావాలి. ఇవ్వాల్సింది ఈ ఇంజనీరే.

"నీకు కొత్తేముందిరా? మీవాళ్లు మోసినోళ్లేగా."

"మోశారండి. మా తాత భుజం మీద కాయ నేను చూశాను. నేను సిమెంటు పనికొచ్చానండి."

"మరి సెలవో?"

"అది మీ ఇష్టమండి."

నాకు ఒళ్లు మండింది. అయితే మనమే మోద్దాం, మీరొక కొస నేనొక కొస పట్టుకుందాం అని అందరి ముందే అన్నాను. ఇంజనీరుకు నడుంనొప్పి గుర్తొచ్చింది. తిరిగి వస్తూ కారులో, లేబర్‌ని చెడగొట్టొద్దని నాకు హితవు చెప్పాడు. నా వ్యాఖ్యానం నాకు ఇచ్చెయ్యమని దారిలోనే దిగిపోయాను.

ప్రదర్శనలో పల్లకిని చక్రాలబల్ల మీద తోసుకొచ్చారట. చప్పట్లు కొట్టారట. మన సంస్కృతి మానవత్వం గురించి ఉపన్యాసం కూడా అయిందట. మేస్త్రీ సెలవు మాత్రం ఆపేశారు. వేసవి పొడవునా అతన్ని పైకప్పు లేని లారీలో నిలబెట్టి, సముద్రం పూడ్చి కొత్తగా కడుతున్న సీఫ్ పేటకి పనికి తోలారు.

వేసవి చివర క్యాంపుకి వెళ్లి పలకరించాను.

"పిల్లకి మాటలొచ్చాయి మేస్టారూ. ఫోన్లో నన్ను మావయ్యా అంది."

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.