నాయనమ్మకు దొరికిన ముఖం

పోయిన వారం మా మేనత్త ఇంట్లో సున్నాలు వేస్తుంటే గోడల మీది ఫొటోలు దించే పని నాకు పడింది. నేను అత్తమ్మ అని పిలిచే ఆ మేనత్త ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు స్టూలెక్కి ఒక్కొక్కటే అందిస్తూ, "మామా, ముత్తవ్వను జర పైలంగ పట్టుకో" అంది. పట్టుకున్నాను. తల మీద కొంగు కప్పుకుని, రూపాయి బిళ్ళంత బొట్టుతో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి మా నాయనమ్మ కాదు. ఆ సంగతి ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన ఏడాది అత్తమ్మ మేడ మీది గదులకు గిరాకీ వచ్చింది. సామాన్ల బెల్టులు బిగించడానికి వచ్చిన ఒక రుమేనియా ఆయన ఎనిమిది నెలలు కిరాయికున్నాడు. ఆయనకు తెలుగు రాదు, అత్తమ్మకు తెలుగు తప్ప ఏదీ రాదు. అయినా పచ్చిపులుసులో ఉప్పెక్కువైన సంగతి దాకా ఇద్దరూ మాట్లాడుకునేవారు. వెళ్లిపోతూ ఆయన తన దేశపు పాత చిత్రాల క్యాలెండరు ఒకటి గోడకే వదిలేశాడు. అందులో ఒక పేజీ దగ్గర అత్తమ్మ ఆగిపోయింది. నల్ల రుమాలు తలకు కట్టుకున్న నడివయసు ఆవిడ బొమ్మ అది. నగా లేదు, నవ్వూ లేదు. పని మధ్యలో ఎవరో బలవంతాన కూర్చోబెడితే, పొయ్యి మీద ఏం మాడుతోందో అన్నట్టు చూస్తోంది. సోషల్ పంతులుగా రిటైరైనవాణ్ణి, అక్షరం కనిపిస్తే చదవక మానను. కింద సన్నగా ఉన్న ఇంగ్లీషు చదివి, అది పందొమ్మిదో శతాబ్దపు చిత్రమనీ, ఆవిడ రాణి కాదు, ఎవరో పల్లెటూరి ఆడమనిషి అనీ, పేరు కూడా రాయలేదనీ చెప్పాను. అత్తమ్మ ఊఁ కొట్టింది.

మా నాయనమ్మకు ఫొటో లేదు. అత్తమ్మకు ఆరేళ్లప్పుడే మా పాత ఊరు పాల్మాకులలో జ్వరమొచ్చి పోయింది. పెత్రమాస నాడు, అంటే పెద్దల పేరు మీద బియ్యమిచ్చే అమావాస్య నాడు, అదంతా నేను మా ఇంట్లో చేయాల్సింది. నా బద్ధకం తెలిసి అత్తమ్మ తన ఇంట్లోనే ఏర్పాట్లు చేసి నన్ను కూర్చోబెట్టేది. తాత ఫొటోకు దండ, మా నాన్న ఫొటోకు దండ. నాయనమ్మ చోట మాత్రం ఉత్త పీట, దాని మీద ఒక జాకెట్టు గుడ్డ. ఏటా ఆ పీట దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ ముఖం చిన్నబోయేది.

మరుసటి ఏడు పెత్రమాస ముందర అత్తమ్మ ఆ పేజీ చింపుకుని, నన్ను వెంటేసుకుని షాద్‌నగర్ బస్సెక్కింది. అక్కడి స్టూడియో ఆయన కోటు లేనివాడికి కోటు తొడిగేవాడు. ఏనాడూ పక్కపక్కన నిలబడని ఆలుమగలను ఒకే ఫ్రేములో కూర్చోబెట్టేవాడు. అత్తమ్మ పేజీ ఆయన ముందు పరిచి, "మా అమ్మ" అంది. "గీ రుమాలు తీసి కొంగు కప్పు. పెద్ద బొట్టు పెట్టు, ముత్తైదువగ పోయింది." ఆయన కంప్యూటర్లో చూసి, "కండ్లు ఆకుపచ్చగున్నయి గదమ్మా, నల్లగ చెయ్యాల్నా?" అన్నాడు. "కండ్ల జోలికి పోకు" అంది అత్తమ్మ.

పాపం, వయసు మీద పడి మతి తప్పుతోందనుకున్నాను. చెబితే ఆమె మనసు విరుగుతుంది, చెప్పకపోతే ముక్కూముఖం తెలియని మనిషికి మా ఇంటి బియ్యం పోతుంది. తప్పు కనిపిస్తే ఎర్రసిరా పెన్ను తీసే అలవాటు నాది. ఆ నాలుగు రోజులూ పళ్ల బిగువున ఆపుకున్నాను.

పెత్రమాస నాడు పీట మీద ఫ్రేము నిలబెట్టి, అత్తమ్మ పక్క వీధిలో మేమంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే ముసలామెను పిలిపించింది. ఖాలా పాల్మాకులలో నాయనమ్మ ఇంటి పక్కనే పెరిగిన మనిషి. నాయనమ్మ ముఖం గుర్తున్నవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"ముక్కు కాదు బిడ్డా" అంది ఖాలా చివరికి. "గదుమ గూడ కాదు. కానీ పని ఒడిసినంక గిట్లనే కూసుండేది మీ అమ్మ. చేతులు గిట్లనే పెట్టుకునేది."

ఇక నావల్ల కాలేదు. "అత్తమ్మా, ఈమె నాయనమ్మ కాదు. ఆ కిరాయాయన దేశపామె. నేనే సదివి చెప్పిన గద."

"నాకు తెల్వదారా?" అంది అత్తమ్మ, నన్ను జాలిగా చూసి. "అరవై ఏండ్ల సంది అమ్మను యాది చేస్కుందామని కండ్లు మూస్తే చీకటే. మా అమ్మకు పేరున్నది, మొకం లేదు. గీమెకు మొకమున్నది, పేరు లేదు. ఇద్దరికి కలిపి ఒక్క ఇస్తరి పెడితే నీదేం పోతది? ఇగ బియ్యం పట్టు."

పట్టాను. నాయనమ్మ పేరు చెప్పి, ఆ ఆకుపచ్చ కళ్లలోకి చూస్తూ బియ్యమిచ్చాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తర్వాత ఐదేళ్లు తిరక్కుండానే అత్తమ్మా, ఖాలా ఇద్దరూ వెళ్లిపోయారు. ఇప్పుడు నాయనమ్మ అనగానే నాకూ ఆ ముఖమే గుర్తుకొస్తుంది. 'ముక్కు కాదు బిడ్డా' అని చెప్పగలిగిన ఆఖరి మనిషిని కూడా కాలం తీసుకుపోయింది.