అవ్వ కారం నిండుకున్నది

గ్లోరీ మొదట్లో చేసిన వీడియోలు చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. పెళ్లినాటి చీర కట్టుకుని, గోడ ముందు నిటారుగా నిలబడి, టీవీలో వార్తలు చదివేవాళ్ల భాష అరువు తెచ్చుకుని, తమ వద్ద స్వచ్ఛమైన నువ్వుల కారం లభించునని అప్పజెప్పేది. పుట్టింది, పెరిగింది, కాపురం చేస్తున్నది అంతా కేతేపల్లి చుట్టుపక్కలే. ఆ భాష కొత్త చెప్పులా ఆమెను కరిచేది. చూసినవాళ్లు చూశారు, మెచ్చినట్టు గుర్తు నొక్కినవాళ్లు నొక్కారు. కొన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

అయినా పట్టు విడవలేదు. ఆమెకు కావలసింది పేరూ కాదు, మెప్పూ కాదు. అత్త ఈదమ్మ బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒకరి చేనులో వంగి పనిచేసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. పొద్దున లేచి నిలబడాలంటే తలుపు పట్టుకోవాలి. కొడుకు విజేందర్ లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో వాడికే తెలియదు, వచ్చినా చేతిలో మిగిలేది అంతంతమాత్రం. అందుకే ఈదమ్మ ఇంకా కూలికి పోతూనే ఉండేది. అత్తను మళ్లీ ఒకరి చేనుకు పంపకూడదని గ్లోరీ గట్టిగా అనుకుంది. ఫోన్లో ఆ వీడియోల పేజీ పెట్టింది అందుకే.

దారి చూపించింది కూడా అత్తే, అదీ తెలియకుండా. ఒకరోజు పొయ్యి మీద నువ్వులు వేగుతుంటే గ్లోరీ ఫోను సర్దుకుంటూ కూర్చుంది. అది అప్పటికే ఆన్‌లో ఉందని ఆమె చూసుకోలేదు. ఈదమ్మ అందుకుంది.

"గంటె తిప్పమంటె ఫోన్ల మొఖం వెట్టినవేందే పిల్లా. నువ్వులు మాడితె నీ ఫోన్ తింటరా?" అని, కొంచెం వంగి అందులోకి చూసి, గొంతు మార్చింది. "ఎవలు బిడ్డా అండ్ల? తిన్నరా? ఏం కూర?"

గ్లోరీ నవ్వుకుని దాన్ని అట్లాగే పెట్టేసింది. సాయంత్రానికి ఫోను ఊపిరాడకుండా మోగింది. బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు, పుణేలో హాస్టళ్లలో ఉండేవాళ్లు, రాత్రి ఏం తిన్నావని అడిగే మనిషి లేనివాళ్లు, అవ్వ కారం కావాలని రాశారు. పేజీకి ఆ పేరు వాళ్లు పెట్టిందే.

అప్పటి నుంచి గ్లోరీ తన పని తాను నేర్చుకుంది. చూసేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు. డబ్బాలు వరసగా పేర్చి చూపిస్తే ఎవరికీ పట్టదు. ఈదమ్మ ముఖం దగ్గరగా చూపిస్తే చివరిదాకా చూస్తారు. అదే ముఖం "వేడి బువ్వల ఇంత కలుపుకోని, పైన జర నెయ్యి ఏస్కో బిడ్డా" అంటే వెంటనే వాట్సాప్‌లో చిరునామాలు పంపుతారు. అందుకని ఆమె ఫోన్లో ఇక అత్త ముఖం తప్ప మరొకటి పట్టలేదు. ఈదమ్మ కూలి మానేసింది. రోజంతా కోడలిని తిడుతూ, ఫోన్లోని బిడ్డలను పలకరిస్తూ ఆ యేడంతా నిజంగా సుఖపడింది. ఇదే చాలునని ఊరుకుంటే బాగుండేది. కానీ అమ్మకం రుచి మరిగిన మనిషి ఊరుకుంటుందా?

సరుకు అయిపోవస్తోందని చెబితే జనం ఎగబడి కొంటారని గ్లోరీ ఎక్కడో విన్నది. ఈస్టర్‌కు ముందు ఉపవాస ప్రార్థనలు జరిగే రోజుల్లో, ఆత్మకూరు రైతుల దగ్గర తెచ్చిన నువ్వులు నిజంగానే అయిపోయాయి. కొత్త పంట వచ్చేదాకా చేసేదేమీ లేదు. ఆ సంగతే ఒక మాట చెప్పమని అత్తను కూర్చోబెట్టింది. కొత్త నువ్వులు వచ్చేసరికి జనం కాచుకుని ఉంటారని ఆమె ఆశ.

ఈదమ్మ ఫోన్లోకి చూసి ప్రేమగా చెప్పింది. "నువ్వుల కారం నిండుకున్నది బిడ్డా. మీరు సల్లగుండాలె."

ఇంట్లో ఉప్పు అయిపోయినా, బియ్యం అడుగంటినా లేవని అనకూడదు, నిండుకున్నాయనాలి. ఈదమ్మకు వాళ్ల అవ్వ నేర్పింది, గ్లోరీకి వాళ్లమ్మ నేర్పింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉండవచ్చని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఖాళీ డబ్బా ఒక్కటి పక్కన కనిపించినా సరిపోయేది. కానీ ఫోన్లో ముఖం తప్ప మరేదీ పడలేదు. హాస్టళ్లలోని పిల్లలకు నిండటమంటే నిండటమే. అవ్వ ఇంట్లో కారం డబ్బాలు నిండుగా ఉన్నాయనుకుని, ముందే డబ్బు పంపి, చిరునామాలు రాశారు.

గ్లోరీ పొంగిపోయింది. కొత్త పంటకు ఇప్పటినుంచే పేరు రాయించుకుంటున్నారనుకుంది. ఒక్కొక్కరికీ ఓపికగా పంపిస్తామని జవాబిచ్చి, పక్కన చేతులు జోడించిన బొమ్మ కూడా పెట్టింది. ఎప్పుడు పంపుతారని ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం నాటికి అడగటం మొదలైంది. తరువాత అడగటం పోయి తిట్టడం వచ్చింది. కొత్త నువ్వులు రాలేదని గ్లోరీ అంటే, నిండుగా ఉన్నాయని అవ్వే చెప్పింది కదా అని ఆ వీడియోనే తిరిగి పంపారు. అప్పుడుగానీ ఆ మాటను వాళ్లు ఎట్లా విన్నారో ఆమెకు తెలియలేదు. అందరి డబ్బూ వెనక్కి ఇచ్చేసింది. కానీ ఆలోపే ఎవడో ఒకడు, ఇతరుల వీడియోల మీద నోరు పారేసుకుని బతికేవాడు, ఈదమ్మ వీడియోలోంచి ఆ ముక్క కోసి, ఆమె మాటను నెమ్మదిగా సాగదీసి, మధ్యలో నవ్వులు కలిపి వదిలాడు. దొంగ ముసలిదని పేరు పెట్టాడు. ఈదమ్మ చెప్పిన మంచి మాటలన్నీ కలిపినా అంతమంది చూడలేదు.

దాన్ని ఈదమ్మకు చూపించింది పక్కింటి సాలమ్మ, పాపం, చూపించకూడదని తెలియక. ఈదమ్మ ఇంకోసారి పెట్టించుకుని చూసింది. తరువాత, తాను ఏం తప్పు మాట్లాడిందని కోడలిని అడిగింది. గ్లోరీ చెప్పింది. అర్థం కాకపోతే అడగాలి గాని దొంగ అంటారా అని అడిగింది ముసలామె.

కొనేవాళ్లు ఆగిపోయారు. పల్లి కారం పెట్టినా, అవిసె గింజల కారం పెట్టినా కింద అవే తిట్లు. మిరప చేలలో చివరి కోతలకు మనుషులు కావాలని మేస్త్రీ సోమన్న వాకిట్లోకి వచ్చాడు. ఈదమ్మ మారుమాట్లాడకుండా తలకు చుట్టుకునే పాత గుడ్డ కోసం దండెం మీద వెతికింది. అది చూసి గ్లోరీకి ఏడుపు తన్నుకొచ్చింది. రేపు చెబుతామని సోమన్నను పంపేసి, అత్త ముందు కూర్చుంది. ఫోన్లో ఒక్కసారి, అందరికీ అర్థమయ్యేట్టు, కారం లేదని చెప్పమంది.

"లేదు అనుడు నాతోని గాదు పిల్లా," అంది ఈదమ్మ. "నోటితోని అంటె ఉన్నది గూడ పోతది."

"నువ్వు గా ఒక్క మాట అనకుంటె రేపు మనిద్దరం మిరప చేన్ల ఉంటం అత్తమ్మా."

ఈదమ్మ కోడలి ముఖం చూసింది. వచ్చి పీట మీద కూర్చుంది.

మొదటిసారి అలవాటుగా నిండుకున్నదనే వచ్చింది. రెండోసారి మాట బయటికి వచ్చేసరికి హైవే మీద లారీ హారన్ అందుకుంది. మళ్లీ చెప్పమంది గ్లోరీ. మూడోసారి ఈదమ్మ లేదు అంది, అన్నాక ఆగలేకపోయింది.

"నువ్వుల కారం లేదు. నా చిన్నప్పుడు బువ్వ లేదు. పెద్ద పిలగానికి జరమొస్తె మందు లేదు. వాడు గూడ లేడు. గప్పుడు గూడ లేదు అనలె బిడ్డా నేను. నిండుకున్నది అన్న. అట్లంటెనన్న ఎన్నడన్న నిండుతదేమోనని."

కళ్లు, ముక్కు కలిసి కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచడం లేదు ఆమెకు. విజేందర్‌కు పైన ఒక అన్న ఉండేవాడని గ్లోరీకి తెలుసు, ఎట్లా పోయాడో అప్పటిదాకా తెలియదు. ఫోను అవతల పెట్టి అత్తను పట్టుకోవలసింది. చేయి అందుకు లేవలేదు. ఒక అడుగు ముందుకు జరిగి, ఆ ముఖం తెర నిండా వచ్చేట్టు పట్టుకుంది. జనం దేనికి కదులుతారో ఆ యేడాదిలో ఆమె బాగా నేర్చుకుంది మరి.

జనం కదిలారు. ఏడ్చామని రాశారు, తమ అవ్వలు గుర్తొచ్చారని రాశారు. నవ్వులు కలిపినవాడు చెంపలు వేసుకుంటూ ఇంకో వీడియో చేసి దాని మీదా పేరు సంపాదించాడు. కొత్త నువ్వులు చేలలో ఉండగానే యేడాది సరుకు అమ్ముడుపోయింది. మిరప చేనుకు రావడం లేదని సోమన్నకు కబురు పంపిన పొద్దున గ్లోరీకి గుండె తేలికపడింది. గెలిచానని కూడా అనుకుంది.

ఆ పొద్దునే ఈదమ్మ ఎవరూ పిలవకుండానే ముఖం కడుక్కుని, కొంగు సర్దుకుని, పీట దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. ఫోను నిలబెడుతున్న గ్లోరీని తిట్టలేదు, అండ్ల ఎవలున్నరని అడగలేదు. రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది. కూలికి పోయిన రోజుల్లో ఏ సాలు పట్టి పనిచేయాలో చెప్పమని పటేళ్ల చేని గట్ల మీద పొద్దున్నే అట్లాగే నిలబడేది ఆమె. పెళ్లయి వచ్చిన నాటి నుంచి పిల్లా అని తప్ప పిలవని కోడలిని, ఆ గట్ల మీది గొంతుతోనే అడిగింది.

"ఇయ్యాల గూడ ఏడ్వాల్నా అమ్మా?"