జూరాకుల్ ఆకా తొమ్మిదులు

జూరాకుల్ ఆకా తొమ్మిదుల గురించి మొదలుపెడితే ఫెర్గానా లోయలో కాలువ కూడా వెనుదిరిగి కొండెక్కేది. ఎక్కేదంటే మరీ శిఖరం దాకా కాదు. కాస్త ఆగి, విసుక్కుని, మళ్ళీ కిందికే పోయేది. చూసినవాళ్ళు ఉండేవారు, ఇప్పుడు లేరు.

ఆకా అంటే అన్న. ఆయన ఊరి మీరాబ్. కాలువ నీళ్ళు వంతులేసి పంచడం పని. పిచ్చి మాత్రం ఒక్కటే: సున్నా పక్కన చుక్క పెట్టి, తొమ్మిది తర్వాత తొమ్మిది ఆగకుండా వేసుకుంటూ పోతే, అది ఒకటికి దగ్గర కాదు, అచ్చంగా ఒకటే! పెళ్ళిలో పులావు వడ్డిస్తుంటే ఇదే మాట. మంగలి కత్తి గొంతు మీదుండగా ఇదే మాట. పళ్ళ డాక్టరు నోరు తెరిపిస్తే వేళ్ళతో తొమ్మిది చూపించాడు. గురువారం మధ్యాహ్నమైతే ఊరందరినీ కూర్చోబెట్టి మరీ ఇదే మాట.

ఇది భరించలేక ఆ ఊరి రైతు నార్‌మత్ కోకంద్ బజారుకు పోయి కాలిక్యులేటర్ కొనుక్కొచ్చాడు. ఒక గురువారం మధ్యాహ్నం, ఊరంతా చాయ్‌ఖానాలో ఉండగా, పెద్దల ముందు దాన్ని పెట్టాడు.

"మా మూడు వీధులకీ నీళ్ళు సమంగా పంచానంటాడు ఈయన. ఒకటిని మూడుతో భాగించాను. సున్నా చుక్క మూడు మూడు మూడు. దాన్నే మూడుతో హెచ్చవేశాను. చూడండి, అన్నీ తొమ్మిదులే! ఒకటి ఏదీ? తగ్గిన నీళ్ళు ఎవరు తాగారు? ఈయన పార లాగేసుకోండి!"

పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. పార పోతే పదవి పోయినట్టే.

జూరాకుల్ తీరిగ్గా టీ పోసుకున్నాడు.

"తమ్ముడూ, నీ యంత్రానికి గళ్ళెన్ని?"

"ఎనిమిది."

"ఎనిమిదో గడి దగ్గర అది అలిసి కూలబడింది. నా మూడులు కూలబడవు. తగ్గించింది అది, నేను కాదు."

"ఎన్ని తొమ్మిదులేసినా వెంట్రుకవాసి తక్కువే కదా!"

"ఎక్కడో ఆపితే తక్కువే. నేను ఆపితే కదా! ఆ వెంట్రుక మందమెంతో చెప్పు."

"కోటిలో వంతు!"

"ఎనిమిది తొమ్మిదులకే తేడా అంతకన్నా సన్నబడింది. ఇంకా సన్నది చెప్పు."

"వంద కోట్లలో వంతు!"

"పది తొమ్మిదులు చాలు. నువ్వెంత సన్నది చెప్పినా నా తొమ్మిదులు దాన్ని దాటిపోతాయి. మధ్యలో వెంట్రుక కూడా పట్టకపోతే అవి రెండు వేరు సంఖ్యలు ఎలా అవుతాయిరా? ఒకటే!"

మూడు కూజాల టీ అయింది. ఒక పెద్దాయన గురక అందుకున్నాడు. నార్‌మత్ లేచాడు.

"మాటలెందుకు? తూము దగ్గరికే పోయి తేల్చుకొస్తా!"

గురువారం మధ్యాహ్నం నీళ్ళు మీరాబ్ కష్టానికి ప్రతిఫలం. అవి ఆయన తోటకే పోవాలి. తీరా చూస్తే ఆయన పుచ్చతీగలు ఎండి, నేల బీటలు వారి ఉంది. గలగలమంటున్న చప్పుడు పట్టుకుని నార్‌మత్ నడిచాడు. నీళ్ళు ఒక మట్టిగోడ కింద నుంచి ఒక ఆప్రికాట్ తోటలోకి చేరుతున్నాయి. అక్కడ నేరేడు రంగు ముసుగులో ఐనిసా అనే వితంతువు వంగి పాదులు తీస్తోంది. ఆమె మొగుడు ఊరందరితో తగువులాడి, కాలువలో వంతు పోగొట్టుకుని, ఆ కోపంలోనే పోయాడు. ఎవరైనా రొట్టె ఇచ్చినా పుచ్చుకోని మనిషి ఐనిసా.

"చూశావా నార్‌మత్, గురువారం గురువారం కాలువ ఇటు కారుతుంది," అందామె గొంతు తగ్గించి. "ఆ మీరాబ్‌కి పని చేతకాదు. చెప్పకు, పూడ్చేస్తాడు."

నార్‌మత్‌కి అప్పుడు వెలిగింది. గురువారం గురువారం వాదన ఎందుకు మొదలవుతుందో, ఊరందరినీ చాయ్‌ఖానాలో ఎందుకు కట్టిపడేస్తుందో.

తిరిగొచ్చేసరికి పెద్దలు అడిగారు: "ఏం తేలింది?"

నార్‌మత్ కాలిక్యులేటర్ జేబులో పెట్టుకున్నాడు.

"చుక్క కూడా పోలేదు. పార ఆయన దగ్గరే ఉండనివ్వండి. ఆకా, ఆ తొమ్మిదుల సంగతి నాకింకా బుర్రకెక్కలేదు. మళ్ళీ మొదటినుంచి చెప్పండి. తొందరేం లేదు."

పెద్దలందరూ ఒక్కసారిగా మూలిగారు.

నార్‌మత్ ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా చెప్పినప్పుడల్లా జూరాకుల్ ముఖం గంటు పెట్టుకుంటాడు.

"పచ్చి అబద్ధం! ఆ రోజు నేను ఊళ్ళోనే లేను. అయినా నాకు లెక్కలెక్కడొచ్చు?"