ధ్రువీకరించని గొంతు

దయ్యాల వార్తలు నా బల్ల మీదికి చాలానే వచ్చేవి. పాడుబడ్డ బంగళాలో గజ్జెల మోత, హైవే మీద లిఫ్టు అడిగిన తెల్లచీర. ఒక్కటి కూడా అచ్చుకు పంపలేదు. చూసినవాళ్ల పేరు చెప్పమంటే ఎవరూ చెప్పేవారు కాదు. పేరు లేనిది వార్త కాదని నేర్చుకుని, పత్రిక సూర్యాపేట డెస్కులో ఉద్యోగమంతా గడిపాను. ఇప్పుడు కోదాడలో ఉంటున్నాను. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఇది రాయకుండా ఇన్నాళ్లు నన్ను ఆపింది భయం కాదు, సిగ్గు.

పోయిన ఎండాకాలం జపాన్ నుంచి నిషివాకి అనే పెద్దావిడ వచ్చారు. సంగీతం కట్టే మనిషి. అయితే పాటలు కాదు. గదిలో వెలుతురు ఉన్నట్టు ఉండే సంగీతం. వింటే వినొచ్చు, లేకపోతే మన పని మనం చేసుకోవచ్చు. ఆస్పత్రుల్లో జనం ఎదురుచూసే గదులకు, రైల్వే స్టేషన్లకు అలాంటివి చేశారట. నాకు ఇంగ్లీషు వచ్చు, ఈ ప్రాంతం తెలుసు కాబట్టి, హైదరాబాద్‌లోని మిత్రుడొకరు ఆమెను నాకు అప్పగించాడు.

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ పోతూ కారులో తన సంగతి చెప్పారు. ఆమె పుట్టిన ఊరంతా మగ్గాలే. రాత్రీ పగలూ ఆడుతుంటే ఆ చప్పుడు ఎవరికీ వినిపించేది కాదు. కార్ఖానా మూతపడిన రోజునే, ఇంతకాలం ఒక చప్పుడు ఉండేదని ఊరికి తెలిసిందట. అప్పటినుంచి ఆమె, పని ఆగిపోయిన చోట్లకు వెళ్లి, అక్కడ మిగిలిన శబ్దాన్ని రికార్డు చేస్తున్నారు. ఇక్కడ ఆమె చూడాలనుకున్నది ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం. డ్రయ్యర్లు వచ్చాక అలాంటి కల్లాలన్నీ ఖాళీగా ఉన్నాయి.

నాకు తెలిసిన మిల్లుకే తీసుకెళ్లాను. మా అమ్మ సోమమ్మ బతికినన్నాళ్లూ అక్కడే కూలి చేసింది. ఉడికిన వడ్లు కల్లంలో పరిచి, ఆడవాళ్లు కాళ్లతో సాళ్లు తీస్తూ, కిందివి పైకి వచ్చేలా కలదిప్పేవారు. అక్కను వెంట తీసుకెళ్లేది. నన్ను గేటు దాటనిచ్చేది కాదు. "బడికి పోయేటోడివి, కల్లంల నీకేం పని" అనేది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఫొటోలు ఉన్నాయి గానీ గొంతు ఎక్కడా లేదు.

ఆ రోజు మరమ్మతుకని మిల్లు ఆపారు. మిట్టమధ్యాహ్నం. నిషివాకి గారు కల్లం చివర మైకు పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. నేను గోడ నీడన నిలబడ్డాను. కూలీలంతా గేటు దగ్గర అన్నం తింటున్నారు. కాసేపటికి ఆమె తల ఎత్తి, ఖాళీ కల్లం అవతలి మూలకు చూశారు. నాకేమీ వినిపించలేదు.

తర్వాత అదే నాకు వినిపించారు. పిచ్చుకలు, ఎక్కడో నీటిచుక్క. వాటి మధ్య ఒక ఆడగొంతు, సన్నగా, సాగదీస్తూ: "ఎండ దిరిగె... కలెదిప్పుండ్రే..."

ఆ కేక ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు. కలదిప్పడానికి అక్కడ వడ్లే లేవు. గేటు దగ్గరివాళ్లను అడిగాను, ఎవరూ అరవలేదన్నారు. రేడియో లేదు. పక్క మిల్లు చాలా దూరం.

ఊడ్చే పనిలో ఉన్న ఈదమ్మ అమ్మతో కలిసి పనిచేసిన మనిషి. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాం. విని, తీసి, నా మొహం చూసింది.

"ఇది మీ అవ్వ గాదుర?" మా దిక్కు అవ్వంటే అమ్మే.

మళ్లీ విన్నాను. మళ్లీ మళ్లీ విన్నాను. ఇంట్లో అమ్మ గొంతు తక్కువ. పక్కనుంటే తప్ప వినపడేది కాదు. ఇది కల్లం దాటి వినపడే గొంతు. అలా అరిచే అమ్మను నేనెన్నడూ వినలేదు.

నిషివాకి గారికి ఒక నియమం ఉంది. మనిషి గొంతు పడితే ఆ మనిషిని అడగాలి. మనిషి లేకపోతే వాళ్ల వాళ్లను అడగాలి. ఎవరిదో తెలియకపోతే తన వెంట తీసుకుపోరు. అక్కడికక్కడే చెరిపేసి, ఆ గొంతు ఉన్నంతసేపు నిశ్శబ్దం ఉంచుతారు. ఆమె నన్నడిగారు: మీ అమ్మగారేనా?

నోటికి అలవాటైన మాటే వచ్చింది. ధ్రువీకరించలేను అన్నాను.

"ఏమంటున్నదిర జపానమ్మ?" అంది ఈదమ్మ. చెప్పాను.

"అవ్వ గొంతు గుర్తువట్టనోడివి ఇన్నేండ్లు పేపర్ల ఏం రాసినవ్‌ర?"

కూలీలు నవ్వారు. నవ్వు ఆగాక ఎవరూ నా వైపు చూడలేదు. నిషివాకి గారు ఇంకోసారి అడిగారు. నేను అదే చెప్పాను. ఆమె తల వంచి, మీట నొక్కారు.

ఇంటికొచ్చాక అక్కకు చెప్పలేకపోయాను. అక్కడ అందరికీ తెలిసిన అమ్మ నాకొక్కడికే తెలియదని ఎలా చెప్పను?

చలికాలంలో నిషివాకి గారు పూర్తిచేసిన సంగీతం ఫోనుకు వచ్చింది. నడిగూడెంలో అక్క ఇంటికి వెళ్లి, మన మిల్లు చప్పుడుతో జపానమ్మ ఏదో చేసింది విను అన్నాను. అంతకుమించి చెప్పలేదు. అక్క వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది.

"పాటేదిర ఇందుల?" అంది మొదట. తర్వాత కాయలు ఒలుస్తూనే వింది. పిచ్చుకలు, నీటిచుక్క, చాలా మెల్లగా సాగే సంగీతం. అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చోటు నాకు తెలుసు కాబట్టి తల వంచుకున్నాను.

"ఆఁ, వస్తున్ననే" అంది అక్క.

చాట పక్కన పెట్టి సగం లేచింది. కాళ్లకు చెప్పులు వెతుక్కుని ఆగిపోయింది. ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. పిచ్చుకల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఎవరూ లేని కల్లంలో ఆ గొంతు ఎలా పడిందో, చెరిపేసిన చోట అక్క ఏం విన్నదో నేను చెప్పలేను. ఎన్నోసార్లు ఒంటరిగా పెట్టుకుని విన్నాను.

"అవ్వ పిలిసింది గద తమ్మీ" అంది అక్క. "నీకు ఇనవడలే?"

లేదన్నాను. ఈసారి కూడా నిజమే చెప్పాను.