క్రిస్మస్ పెట్టెలో నాయన ఎత్తు

నా ఫోనులో ఒక పట్టిక ఉంది. ఇరవై ఏడు వరసలు. చదరంగంలో ఒకానొక స్థితిలో నల్ల పావులు వేయగల ఎత్తులన్నీ వరసకొకటి చొప్పున రాసుకున్నాను. ఒక్కొక్కదాన్నీ చదరంగం ప్రోగ్రాముకు ఇచ్చి, వచ్చిన ఫలితం పక్కన పెట్టాను. ఇరవై ఏడూ ఓటమే. ఏది కదిపినా నాలుగు ఎత్తుల లోపల ఆట కట్టు.

ఆ నల్ల పావులు మా నాయనవి. తన తర్వాతి ఎత్తును ఆయన ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి చనిపోయాడు. కవరు జమ్మలమడుగులో ఉంది. క్రిస్మస్ రోజు దాన్ని తెరిచి, ఆయన చోట నేను కూర్చుని ఆట ముగించాలి. అంటే నాయన ఆఖరి ఆటను నా చేతులతో ఓడించి రావాలి. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నాకున్న బాధ ఇదొక్కటే.

నేను పుట్టకముందు ఒక డిసెంబరులో నాయన ముద్దనూరు రోడ్డులో స్కూటరు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పుడాయన ప్రొద్దుటూరు రిజిస్ట్రేషను ఆఫీసులో గుమాస్తా. జమ్మలమడుగులో ఆస్పత్రిలో చేర్చి, కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. క్రిస్మస్ మధ్యాహ్నం వార్డులో సగం మంచాలు ఖాళీ. ఆ కాలికి ఎక్స్‌రే తీసినాయన చర్చి నుంచి నేరుగా వచ్చి, చదరంగం పలక మంచం మీద పెట్టి, "నువ్వెట్లాగూ కదల్లేవు, వీటినన్నా కదిలిద్దువు రాప్పా" అన్నాడట. ఆ రోజు నాయన ఓడిపోయాడు. మరుసటి క్రిస్మస్‌కు ఆ ఓటమి సంగతి తేల్చుకోవడానికి బస్సెక్కి వెళ్ళాడు. ఆ తర్వాత ఒక్క ఏడూ మానలేదు. నాయన ఆయన్ను బావా అనేవాడు కాబట్టి ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త.

నాయన ఆడిన ఆఖరి క్రిస్మస్ ఆట మధ్యలో ఆగింది. ఎవరింట్లోనో ముసలామెకు బాగాలేదని, ప్రార్థనకు రమ్మని మామను పిలిచారు. పెద్ద పోటీల్లో ఇట్లా ఆగినప్పుడు, ఎత్తు వేయాల్సినవాడు దాన్ని రాసి కవరులో మూసి ఇస్తాడని మామ ఎప్పుడో పేపర్లో చదివాడు. నాయన వంతు కాబట్టి నాయన రాశాడు. ఒక గ్రీటింగు కార్డు కవరు దొరికింది. అత్త దాన్ని క్రిస్మస్ నక్షత్రం, గంటలు, పశువుల పాక బొమ్మలు ఉండే పెట్టెలో పడేసింది. ఆ పెట్టె డిసెంబరులో తప్ప అటక దిగదు. అది అత్త చట్టం.

నాయన మాత్రం పావుల స్థితిని ఒక పాత ఫారం వెనక గీసుకుని తెచ్చి బీరువా తలుపుకు లోపలి వైపు అంటించాడు. తలుపు తీసినప్పుడల్లా దాన్ని చూసి మీసం కింద నవ్వుకునేవాడు. జూలైలో ఒక ఉదయం స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఆ కాగితాన్ని ఫోటో తీసుకుని పులివెందులకు వెళ్ళిపోయాను. నా ఉద్యోగం అక్కడే. తోటలకు డ్రిప్పు పైపులు వేయించడం, వాటిని చూసుకోవడం. గదిలో కూర్చుని పావులన్నీ ప్రోగ్రాములో ఎక్కించాను. ఇద్దరి రాజులూ మొదటి గడిలోనే ఉన్నారు. రాజును ఏనుగు చాటున దాచే కోట ఎవరూ కట్టుకోలేదు. పెద్దవాళ్ళ బద్ధకం అనుకున్నాను. మామ మంత్రి, ఏనుగు నాయన రాజు గుమ్మంలో నిలబడి ఉన్నాయి. మరి నాయన దేనికి నవ్వుకున్నాడో అర్థం కాలేదు. ప్రమాదం కనపడలేదేమో అనుకున్నాను. ఆ అనుకోవడం ఓటమికంటే ఎక్కువ బాధ పెట్టింది.

పని మీద మనసు నిలవలేదు. ఒక చీనీ, అంటే బత్తాయి తోటలో ఫిల్టరు బిగిస్తుంటే తోటాయన గట్టు మీద కూర్చుని అన్నాడు: "ఏందప్పా ఇంజనీరూ, మూడుసార్లు అదే నట్టు తిప్పుతాండావు. నువ్వు బిగించేలోపల నా చెట్లు సస్తాయి."

ఫిల్టర్లు కడిగే పది పదిహేను నిమిషాల్లో చదరంగానికీ క్రిస్మస్‌కూ సంబంధం ఏముందని వెతికి రాసుకునేవాణ్ణి. ఎందుకో నాకే తెలియదు. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఆట మన దేశంలో పుట్టి, పారసీకుల దగ్గరికి, అరబ్బుల దగ్గరికి, అక్కడి నుంచి యూరపుకు వెళ్ళింది. అక్కడ మంత్రి రాణి అయింది. మా వైపు ఒంటె అనే పావు అక్కడ చర్చి పెద్దగా మారింది. కొన్నాళ్ళు చర్చివాళ్ళే తమ గురువులను ఈ ఆట ఆడొద్దన్నారు, పాచికలతో కలిపి చూసి. ఇంగ్లండులో ఒక సముద్రపు ఒడ్డు ఊళ్ళో క్రిస్మస్ వెళ్ళగానే ఏటా పెద్ద పోటీ జరుగుతుంది. ఇట్లా పోగుచేసినవాటిలో ఏదీ నా ఇరవై ఏడు వరసల్లో ఒక్కదాన్ని కూడా మార్చలేదు.

నవంబరులో అమ్మ అడ్డం తిరిగింది. ఇంట్లో చావు జరిగిన ఏడాది మేము పండగలు చేయం. దసరా, దీపావళి అట్లాగే వెళ్ళిపోయాయి.

"ఏడు తిరక్కముందే పండగకు పోతే ఊరోళ్ళు ఏమంటారురా?" అంది.

"అది మన పండగ కాదు గదమ్మా."

"ఎవురిదైనా పండగ పండగే."

మా ఇంటి పురోహితుణ్ణి ఫోనులో కలిపాను. అమ్మ అడిగింది. 

"క్రిస్మస్సు నా పంచాంగంలో యాడుందమ్మా? నా పంచాంగంలో ల్యాని పండక్కి నేనేం చెప్పాల? పోనీ. కేకులో గుడ్డుంటాది, అది మాత్రం తినగాకని చెప్పు."

అమ్మకు అది సరిపోలేదు. చివరికి మామే ఫోను చేశాడు. ఐదారువందల ఏళ్ళ కింద ఇంగ్లండులో ఒక ఇల్లాలికి ఇదే సందేహం వచ్చిందట. ఇంట్లో చావు జరిగిన ఏడాది క్రిస్మస్‌కు ఏయే ఆటలు ఆడొచ్చని, అంతకుముందు భర్త పోయిన ఒక పెద్దింటావిడ తన ఇంట్లో ఏం చేసిందో కనుక్కుని రమ్మని మనిషిని పంపిందట. వేషాలు వద్దు, వాద్యాలు వద్దు, పాటలు వద్దు, గోల చేసే ఆటలు వద్దు. చదరంగం ఆడుకోవచ్చు. ఈ జవాబున్న ఉత్తరం ఇప్పటికీ ఉందట. నేను వెతికి చూశాను. నిజమే.

అమ్మకు ఇది నచ్చింది. పురోహితుడి మాటకంటే, భర్త పోయిన ఒక ఆడమనిషి పెట్టుకున్న కట్టుబాటు ఆమెకు గట్టిగా కనిపించినట్టుంది. "అయితే పో. గోల చేయగూడదంట, అది గుర్తు పెట్టుకో" అంది.

క్రిస్మస్ ఉదయం పులివెందులలో బస్సెక్కాను. ముద్దనూరులో మారాలి. దారిలో మూడు ఉపాయాలు రాసుకున్నాను. ఒకటి, ఆట సమానమని ఒప్పించడం. రెండు, కవరు తెరవకుండా జ్ఞాపకంగా దాచుకుందామని చెప్పడం. మూడు, నిజం చెప్పేయడం. పెన్న వంతెన దాటేసరికి మూడోదాన్ని కొట్టేశాను. బస్టాండులో దిగి మళ్ళీ రాశాను.

మామ చర్చి నుంచి అప్పుడే వచ్చాడు, తెల్లచొక్కా ఇంకా మార్చలేదు. వసారాలో పెన్న ఇసుక పోసి అత్త పశువుల పాక పేర్చింది. గొర్రెలు, గొల్లలు, ముగ్గురు జ్ఞానులు, వాళ్ళ వెనక ఒక నల్ల చెక్క ఒంటె. అది చదరంగంలోది. మట్టి ఒంటె ఎప్పుడో పగిలిపోతే దీన్ని తెచ్చి నిలబెట్టారు. ఆటలో దాని బదులు ఒక మందుసీసా మూత పెడతారు.

పలక మీద పావులు సర్ది ఉన్నాయి, నాయన గీసుకున్నది గీసుకున్నట్టు. ఎవరు చంపిన పావులు వాళ్ళ పక్కన వరసగా. నల్లవాటిలో చచ్చినవాటి మధ్య సీసా మూత. మామ ఒళ్ళో కవరు.

"మామా, సమానం అనుకుందామా?" అన్నాను, కూర్చోకముందే.

మామ కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "కవరు తెరవకుండానే? భయం నీకా, మీ నాయనకా?"

రెండో ఉపాయం నోట్లోనే ఆగిపోయింది, మూడోది బయటపడింది. "నేను ఫోనులో చూసినా మామా. యా ఎత్తు వేసినా నాయనకు ఆట కట్టే."

"అన్నీ చూసినావా?"

"ఇరవై ఏడు. అన్నీ చూసినా."

"ఇరవై ఏడేనా ఉండేది?"

"అంతే ఉండాయి."

మామ కవరు చించాడు.  కాగితం విప్పి చదివి, కళ్ళద్దాలు తీసి, ఇంటి పైకప్పు అదిరేలా నవ్వాడు.

"గోల చేయగూడదని ఫోనులో చెప్పింది నువ్వే గదయ్యా!" వంటింట్లోంచి అత్త అరిచింది.

కాగితం నా చేతికిచ్చాడు. రిజిస్ట్రేషను ఆఫీసు గుండ్రటి రాత: "రాజు. గుర్రం గంతు. రెండు ముందుకు, ఒకటి పక్కకు, ఒంటె వైపు కాక మంత్రి వైపు." కింద సంతకం. దాని కింద, దస్తావేజు చివర రాసినట్టు, "దిద్దుబాట్లు లేవు."

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాయన నాకు నేర్పింది ఊరి ఆట. అందులో కోట కట్టుకోవడం లేదు. దాని బదులు, అప్పటిదాకా చెక్ పడని రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. ఇంజనీరింగు హాస్టలులో అంతర్జాతీయ నియమాలు నేర్చుకొచ్చి, నీ ఆట తప్పు నాయనా అని వాదించాను. "సరేలేప్పా, నీ లెక్కనే ఆడదాం" అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో నా లెక్కే నడిచింది. అన్ని చోట్లా అదే నడుస్తుందనుకున్నాను. నాలుగు నెలలు ఒక యంత్రాన్ని కూర్చోబెట్టి, ఎవరూ ఆడని ఆటలో నాయనను ఇరవై ఏడు సార్లు ఓడించాను.

"మీ ఇంట్లో నీ లెక్క. ఈడ మా లెక్క," అన్నాడు మామ. "నేను వల పన్నిన పొద్దే ఈ కంత చూసినా. ఆయప్ప చూసినాడా, చూడల్యా? ఏడాదిగా నాకు అదే యావ. శవం కాడ నిలబడుకున్యప్పుడు కూడా, దేవుడు నన్ను చమించాల, అదే తలుచుకున్యా."

నాయన రాజును పట్టుకుని రెండు గళ్ళు ముందుకు, ఒకటి పక్కకు పెట్టాను. మామ మంత్రి, ఏనుగు ఖాళీ గుమ్మం ముందు నిలబడిపోయాయి. చేయి దానంతటదే ఫోను మీదికి వెళ్ళింది. "దానికి తెలీదులే," అన్నాడు మామ.

తర్వాత ఆడింది నేను. గంటన్నర ఆడాను. కాళ్ళు ఊపుతున్నానని అత్త రెండుసార్లు కసిరింది. ఒక బంటు మీద ఆశ పెట్టుకున్నాను. ఇంకో రెండు అడుగులు వేస్తే చివరి వరస, అక్కడ మంత్రి పుడుతుంది, ఆట నాదే. ఇటు రాజు పక్కన కాపలా పెట్టాల్సిన ఎత్తును వదిలేసి బంటును తోశాను. మళ్ళీ తోశాను. చచ్చిన నల్ల మంత్రిని ఎత్తబోతే మామ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒంటె ఇంట్లో చేరిన బంటు ఒంటె అయితాదప్పా. మంత్రి యాడ అయితాది?"

అదీ నాయన నేర్పిందే. బంటు ఏ పావు వరసలో పైకెళ్తే ఆ పావే అవుతుంది. ఒకే రోజు, ఒకే తప్పు, రెండోసారి. మామ సీసా మూత తీసి ఆ గడిలో పెట్టాడు.

"అత్తా, ఆ చెక్క ఒంటెనన్నా ఇయ్యి," అన్నాను ఉక్రోషంగా.

"జ్ఞానులేమన్నా నడ్సిపోతారా? జనవరి ఆరున జ్ఞానుల పండగ దాకా అది కదల్దు."

సీసా మూతతో ఆరు ఎత్తులు నెట్టుకొచ్చాను. ఏడోదానికి మామ ఏనుగు కిందికి దిగింది. ఆట కట్టు.

వసారా మెట్ల మీద నిలబడి ప్రొద్దుటూరుకు ఫోను చేశాను.

"కేకు తిన్న్యావా?" అమ్మ మొదట అదే అడిగింది.

"తినల్యా."

"ఆట?"

"పొయ్యిందమ్మా."

"మీ నాయన ఓడిపొయ్యినాడా?"

"నాయన తప్పించుకున్యాడు. ఓడింది నేను."

"అట్లయితే సరే," అంది. గొంతులో నిజంగానే సంతోషం ఉంది.

ఫోను పెట్టేసి లోపలికి వచ్చాను. మామ నా కోసం చూడకుండా పావులన్నీ మళ్ళీ సర్దేస్తున్నాడు. నల్లవి నేను కూర్చునే వైపు తిప్పి, ఒంటె గడిలో సీసా మూత పెట్టి, "పొద్దు ఇంకా శానా ఉండాది, కూర్చో," అన్నాడు.