ఆడపడుచు సందు

తొలకరి చినుకు పడగానే మా ఊళ్ళో అందరికీ ప్రాణం లేచొస్తుంది. నాకు మాత్రం ఉన్న ప్రాణం కాస్తా గొంతులోకి వస్తుంది. పిడుగు పడుతుందేమో, మోటారు కాలిపోతుందేమో, ఆకుమడి మునిగిపోతుందేమో! “ఈయన పుట్టినపుడే మబ్బేసుంటాది” అంటుంది మా ఆవిడ. ఇవి చాలవన్నట్టు రెండేళ్ల కిందట చేపల భయం కూడా వచ్చి చేరింది.

మాది చోడవరం నుంచి దేవరాపల్లి వెళ్ళే దారిలో, గెడ్డ పక్కనున్న ఊరు. గెడ్డంటే పెద్ద నదేం కాదు. కొండల్లో పుట్టి, మా పొలాలను ఒరుసుకుంటూ పోయి శారదా నదిలో కలిసే వాగు. ఎండాకాలంలో దాన్ని కోడిపెట్ట కూడా కాళ్ళు తడవకుండా దాటుతుంది. తొలకరికి కొత్తనీరు దిగిందంటే మాత్రం, కింద నదిలో ఉన్న చేపలు ఆ నీటికి ఎదురెక్కుతాయి. పొట్ట నిండా గుడ్లతో, ఎగువన పలుచటి నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోతాయి. పరిగెలు గుంపులుగా వస్తాయి. వాలుగలు ఒంటరిగా వస్తాయి.

నా చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు గెడ్డకు అడ్డంగా వెదురు తడకలు కట్టి మావులు పెట్టేవారు. మావంటే, చేప లోపలికి దూరడమే గాని తిరిగి రాలేని బుట్ట. ఎంత ఆశపోతైనా ఒక ఒడ్డున మూరెడు ఖాళీ వదిలేవాడు. దాన్ని ఆడపడుచు సందు అనేవారు. కడుపుతో ఉన్న పిల్ల పురిటికి పుట్టింటికి పోతుంటే దారికి అడ్డం నిలబడకూడదని. తిన్నన్ని తిను, కొన్నిటిని పోనీ, అంతే శాస్త్రం. ఆ సందులో మావు పెట్టినవాడికి ఆ ఏడు ఊళ్ళో ఎవరూ నిప్పు కూడా ఇచ్చేవారు కాదు.

తర్వాత గెడ్డ మీద చెక్‌డ్యామ్ వచ్చింది. దాన్ని తిట్టను. దానివల్లే మా బావుల్లో నీళ్ళు నిలిచాయి, నా చెరకు బతికింది. కాని సిమెంటు గోడకు సందు ఎవరు వదులుతారు? కొత్తనీరు దిగగానే చేపలు గోడదాకా వచ్చి, ఎగిరి, గోడకు కొట్టుకుని కింద పడేవి. కింద దోమతెరలు పరుచుకుని మా ఊరివాళ్ళు ఉండేవారు. నేనూ తిన్నాను, లేదనను. నాలుగైదేళ్ళు గడిచాక మా మావయ్య, అంటే ఎగువూళ్ళో ఉండే అమ్మ తమ్ముడు, వచ్చినప్పుడల్లా అక్కతో ఒకటే మాట అనేవాడు.

“అప్పా, మా గెడ్డలో పరిగె కూడా అవుపడ్డం లేదే. మీ ఊరోల్లు మొత్తం మింగేసేరు.”

అమ్మ నవ్వేసేది కాని ఆ పూట అన్నం సరిగ్గా తినేది కాదు. అది ఆమె పుట్టిన ఊరు. మా దగ్గరా ఏడాదికేడాది చేపలు తగ్గుతూనే వచ్చాయి. గుడ్డు పెట్టనీయకపోతే పిల్ల ఎక్కణ్ణుంచి వస్తుంది?

రెండేళ్ల కిందట, వేసవిలో, మా అమ్మాయి ఫోన్లో ఏదో చూస్తూ నానమ్మను పిలిచింది. సాల్మన్ అనే చేపట. చల్లటి దేశాల నదుల్లో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే ఎక్కుతుందట. ఆనకట్టలున్న చోట దానికోసం నీళ్ళలో మెట్లు కట్టారు. ఆ మెట్ల మీద చేపలు ఎగురుకుంటూ పోతున్నాయి. అమ్మ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంది.

“సూసేవేట్రా? ఆల్లకీ ఉందిరా ఆడపడుచు సందు!”

“ఆల్లకి డబ్బులున్నాయమ్మా, కట్టేరు.”

“మనకి గట్టుంది కదా. తెగ్గొట్టు.”

ఆ గట్టు నాది. డ్యామ్ పక్కనే నా ఆకుమడి. పైగట్టుకు గండి కొడితే డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు మడి అంచు వెంట పారి కింద గెడ్డలో పడతాయి. ఆ పారకం పట్టుకుని చేపలు ఎక్కొచ్చు. చెప్పడానికి బాగానే ఉంది. కాని కొత్తనీరు వచ్చే వేళకు మడిలో జానెడు కూడా ఎదగని వరినారు ఉంటుంది. అది కొట్టుకుపోతే ఆ ఏడు పొలంలో నాటడానికి ఏమీ ఉండదు, ఇంట్లో తిండిగింజలు ఉండవు. “చూద్దాంలే” అన్నాను. నా నోట చూద్దామంటే వద్దని అర్థమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు నేను చోడవరంలో మోటారు బాగుచేయించుకుంటున్నాను. మా ఆవిడ ఫోన్ చేసింది.

“ఏటండీ, అత్త పార ఒట్టుకుని పొలానికెల్లిపోయింది. ఆపితే ఆగలేదు.”

మోటారు అక్కడే వదిలేసి షేర్ ఆటో ఎక్కాను. జనం నిండితేగాని కదలనన్నాడు ఆటో అతను. కూర్చున్నాను గాని కుదురు లేదు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు సరిగా వంగవు. కాలు జారితే? నారు పోతే పోనీ, అమ్మకేమైనా అయితే? అనుకుంటూండగానే మళ్ళీ నారు గుర్తొచ్చేది. సిగ్గులేని గుండె, రెండిటికీ ఒకేలా కొట్టుకుంది.

వెళ్ళేసరికి గట్టు తెగి ఉంది. మడి అంచు వెంట ఎర్రనీళ్ళు పారుతున్నాయి. అమ్మ చీర ఎగదోపుకుని, పారను ఊతకర్రలా పట్టుకుని, పారకం గెడ్డలో కలిసే చోట మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఉంది. మా ఆవిడ ఒడ్డున గొడుగు పట్టుకుని ఉంది. వాళ్ళకు ఎదురుగా దోమతెర పట్టుకుని మా వీధివాళ్ళు ఇద్దరున్నారు. చేపలన్నీ వరసగా వచ్చే ఇరుకు దారి దొరికితే వాళ్ళు ఊరుకుంటారా? ఇన్ని భయాలు పడ్డవాణ్ణి, నాకీ సంగతి తట్టనే లేదు.

“పిన్నీ, పక్కకి జరుగు. ఓ పూట కూరే కదా” అన్నాడు వాళ్ళలో చిన్నవాడు.

“మీ ఆవిడ పురిటికెల్తంటే ఆటో ఆపి దింపేస్తావేట్రా?” అంది అమ్మ. “డేం కింద పట్టుకో, ఎవులొద్దన్నారు. ఇది సందు.”

పెద్దవాడికి ఆ మాట తెలుసు. నవ్వుతూ తెర వదిలేసి ఇంటికి పోయాడు. చిన్నవాడు పోలేదు. తెర ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. నేను అమ్మను ఒడ్డెక్కించి, పార తీసుకుని ఆమె చోట్లో నిలబడ్డాను.

ముందు పరిగెలు వచ్చాయి. నా కాళ్ళ మధ్యనుంచి దూరి, పలుచటి నీళ్ళలో పక్కకు ఒరిగి, జరజరా పాకుతూ పైకి పోయాయి. అబద్ధమెందుకు, సంతోషం వేసింది. కాని ప్రతి గుంపు తర్వాతా నా చూపు నారు మీదకే పోయింది. అంచున ఉన్న మొక్కలు ఊడి తేలుతున్నాయి. పొద్దు వాలేసరికి మడిలో ఒక మూలంతా బురద కింద పడింది. ఇంకాసేపు ఇలాగే పారితే ఇక నారు ఆశ వదులుకోవాల్సిందే.

“చాల్లే బాబూ, గండి మూసీ” అంది అమ్మ. “మనమూ తినాలి కదా.”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు పైకి పరుగెత్తి గండిలో మట్టి వేశాను. పారకం సన్నబడింది. అప్పుడు కేక వేసింది మా ఆవిడ. సగం దారి ఎక్కిన వాలుగ ఒకటి, చెయ్యంత పొడవుది, పొట్ట ఉబ్బినది, నేను నీళ్ళు కట్టేయడంతో బురదలో పడి కొట్టుకుంటోంది. గట్టుమీదవాడు తెరతో లేచాడు.

“ఇది సందులో లేదు పిన్నీ, మడిలో ఉంది.”

నాకు వచ్చింది కోపమో భయమో తెలియదు. జన్మలో ఎవరికీ ఎదురు చెప్పనివాణ్ణి, నా నారు నేనే తొక్కుకుంటూ వాడికంటే ముందు ఉరికాను. రెండు చేతులా పట్టుకుంటే జారిపోయింది. మళ్ళీ పట్టాను, ఈసారి గట్టిగా, పొట్ట కింద నుంచి. గట్టెక్కి డ్యామ్ నీళ్ళలో వదిలాను. ఒక్కసారి తోక కొట్టి మునిగిపోయింది. వెనకనుంచి అమ్మ నవ్వు వినిపించింది.

అప్పుడు చెయ్యి చూసుకున్నాను. అరచేతి నిండా చేప జన. ఆవగింజంత గుడ్లు వేళ్ళ మధ్య అంటుకుని ఉన్నాయి. మరీ గట్టిగా నొక్కేశాను. లోపల ఎన్ని మిగిలాయో, అసలు అది బతుకుతుందో లేదో.

“రారా, సీకటడిపోతంది” అని అమ్మ పిలుస్తోంది. నేను గట్టు మీద బోర్లా పడుకుని, ఆ చేతిని ఎగువ నీళ్ళలో ముంచి, వేళ్ళు విప్పి, కదపకుండా ఉంచాను. ఎప్పుడు తీయాలో నాకు తెలియలేదు.