బావ ఇవ్వని పిలుపు

పోయిన నెల శృంగవరపుకోటలో మా చిన్నత్త ఇంటి గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర మా బావ, అంటే మావయ్య కొడుకు, ఎదురు వరసలో కూర్చుని పిల్లలకి విమానాల కథ చెబుతున్నాడు. "మీ అత్త ఆకాశంలో నా మీదకొచ్చేసింది రా. నాను సూసుకోబట్టి ఇద్దరం బతికేం," అన్నాడు నన్ను చూపిస్తూ. నా నోట్లో పనసపొట్టు కూర ఉంది. శుభమా అని ఇల్లు కట్టుకున్నవాళ్ళ ముందు గొడవెందుకని దాన్ని నిదానంగా నమిలి మింగాను. విజయనగరం తిరిగొచ్చినా అది అరగలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే ఏడాది ఒకే ఫ్లయింగ్ స్కూల్లో చేరాం. సముద్రం వైపు జీడితోటల మధ్య చిన్న రన్‌వే, తలుపు వేస్తే రేకు డబ్బాలా మోగే రెండు సీట్ల విమానాలు మూడు. రన్‌వే పక్కనుంచి పొడుగ్గా వెళ్ళి, రెండు మలుపులు తిరిగి దిగడం, మళ్ళీ లేవడం, మళ్ళీ తిరగడం, ఇదే మా చదువు. ప్రతి మలుపు దగ్గరా ఎక్కడున్నామో, ఎటు తిరుగుతున్నామో రేడియోలో చెప్పాలి, దాన్నే పిలుపు ఇవ్వడం అంటాం. అది విని మిగతావాళ్ళు జాగ్రత్త పడతారు. మాకు నేర్పిన మాస్టారు శ్రీకాకుళం వైపు మనిషి. "రేడియో మాటాడతాది గానీ దానికి కళ్ళు లేవు. మెడ తిప్పి సూడండి. సాయంత్రానికి మెడ నొప్పెట్టలేదంటే మీరు సూడ్నట్టే," అనేవారు. నేను రోజూ మెడకి మందు రాసుకునేదాన్ని. బావ మెడ మాత్రం పెళ్ళికొడుకు మెడలా నిటారుగా ఉండేది. ఒకరి వెనక వరసలో రావడం అతనికి నామోషీ. గజపతినగరం సంతలో స్కూటర్ దూర్చినట్టు, పిలుపు ఇవ్వకుండా, మలుపు దాకా వెళ్ళకముందే అడ్డంగా కోసేసి చొరబడిపోయేవాడు.

నేను మూడోసారి ఒంటరిగా ఎగిరిన రోజది. చివరి మలుపుకి ముందు పిలుపు ఇచ్చాను, తిరిగాను, రన్‌వే ఎదురుగా కనబడింది. ఎడమవైపు కిటికీ అద్దం మీద తెల్లటి మచ్చ. మచ్చ కదిలితే భయం లేదు, పక్కకి పోతుంది. కదలకుండా అక్కడే ఉండి పెద్దదైతేనే అది మన మీదకి వస్తున్నట్టు. ఇది కదల్లేదు. రెక్క, చక్రం, చక్రానికి అంటిన ఎర్రమట్టి కూడా కనబడ్డాయి. ఇంజిన్ పూర్తిగా పెంచి పైకి లాగేశాను. బావ నా కిందనుంచి దూసుకెళ్ళి హాయిగా దిగాడు.

ముందు దిగినవాడు ముందు చెప్పుకున్నాడు. నేను వచ్చేసరికి మాస్టారి ఎదురుగా చేతులు కట్టుకుని, "ఇది పిలుపియ్యకుండా తిరిగేసింది మాస్టారూ," అంటున్నాడు. ఆ సమయంలో మాస్టారు బయట ఫోన్లో ఉన్నారట, బావ తప్ప నా పిలుపు విన్నవాళ్ళు లేరు. నెల రోజులు ఒంటరిగా ఎగరకూడదని, రేడియో దగ్గర కూర్చుని వింటూ నేర్చుకోమని నాకు శిక్ష. మర్నాడే మావయ్య మా నాన్నకి ఫోన్ చేశాడు. "ఆడపిల్లకి ఇమానం ఏటి బావా? మావోడు లేకపోతే ఏటైపోయేదో!" నాన్న ఆ మాట నాతో చెబుతూ నా మొహం చూడలేకపోయారు. నాకు ఏడుపు రాలేదు. పగ వచ్చింది. అది వంట్లోకి దిగాక ఆకలి కూడా బాగా వేసింది.

ఆ నెలంతా రేడియో ముందు నోటుబుక్ పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి చూడటం, రాయడం. ఏ రోజు, ఎన్ని గంటలకి, బావ ఏ మలుపు కోశాడు, ఏ పిలుపు మింగేశాడు. చివరి పేజీలో నాకు శిక్ష పడ్డ రోజు సంగతి కూడా రాశాను. "ఏటి రాస్తన్నావే, కవిత్వమా?" అని నవ్వుతూ పోయేవాడు. నేనూ నవ్వేదాన్ని. అంత శ్రద్ధగా పరీక్షలకి కూడా చదవలేదు.

శిక్ష తీరాక మళ్ళీ ఎగిరిన వారంలోనే ఆ సమయం వచ్చింది. రన్‌వే పక్కన పొడుగు దారిలో బావ ముందు, నేను వెనక కాస్త ఎత్తులో. మాస్టారు కొత్త విద్యార్థిని కూర్చోబెట్టుకుని దూరంనుంచి తిన్నగా దిగడానికి వస్తూ పిలుపు ఇచ్చారు. బావ ఏ పిలుపూ లేకుండా ఎడమకి వాలాడు. మా విమానాలకి రెక్కలు నెత్తిమీద ఉంటాయి. వాలిన రెక్క బావకి అడ్డం, మాస్టారికి ఆయన రెక్కే అడ్డం. ఇద్దర్నీ చూస్తున్నది నేనొక్కదాన్నే. బొటనవేలు రేడియో మీట మీదే ఉంది. నొక్కలేదు. బావ చేసేది మాస్టారు తన కళ్ళతోనే చూడనీ అనుకున్నాను. రెండు సెకన్లు. తర్వాత నా గొంతు నేనే గుర్తు పట్టలేనంత గట్టిగా అరిచాను. "బావా, తిప్పకు! రెక్క తిన్నగా పెట్టు, పైకి పో! నీ కింద మాస్టారున్నారు!"

రెక్క లేచింది. వాళ్ళిద్దరి మధ్యా ఒక కొబ్బరిచెట్టంత ఎడం ఉందేమో.

కింద, నోటుబుక్ మాస్టారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వరసా పైకి చదివారు. చివర, నాకు శిక్ష పడ్డ నాటి సంగతి దగ్గర ఆగి, బావ వైపు తిరిగి, "ఏటి సెప్తావు?" అన్నారు. బావ నేల చూశాడు. "ఆ రోజు కూడా నానే," అన్నాడు. అక్కడితో అతను ఒంటరిగా ఎగరడం ఆగింది, మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలు. నాకు చాల్లేదు. మావయ్యకి ఫోన్ చేసి నా ఎదుటే చెప్పమన్నాను. చెప్పాడు. అవతలనుంచి మావయ్య, "సర్లే. ఇది ఎవులితోటీ అనకు," అని పెట్టేశాడు. బావ కళ్ళలో నీళ్ళు చూసి నాకు చాలా బావుంది. ఇప్పటికీ బావుంది.

అందరూ వెళ్ళాక మాస్టారు నన్ను ఉండమన్నారు. "పాపా, మేవు నీకు ఎప్పుడు కనబడ్డాం?"

"కనబడగానే చెప్పాను మాస్టారూ."

ఆయన నా మొహంలోకి చూసి, నోటుబుక్ నా చేతికిచ్చి, "మంచిది, ఎల్లు," అన్నారు. ఆయన ఇప్పుడు లేరు, ఆ అబద్ధం దిద్దుకోవడానికి ఇంకెవరూ లేరు. బావని నేను క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు. శిక్ష పడ్డ ఆ నెల రోజులు ఎప్పుడో గడిచిపోయాయి గానీ, ఆ రెండు సెకన్లు ఇంకా గడవలేదు.